ద్వాలి పేరు మీద వచ్చిన గ్యాస్

ఇన్నేళ్లుగా ఒక ముసలమ్మ దగ్గును మోసుకుని తిరుగుతున్నాను. బస్సులో ఎవరైనా ఖళ్లున దగ్గితే చాలు, వెనక్కి తిరిగి చూస్తాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

అప్పట్లో భద్రాచలం దగ్గర ఒక గ్యాస్ ఏజెన్సీలో బుకింగులు చూసేదాన్ని. అడవి అంచు తండాల్లో ఫోన్‌కు సిగ్నల్ అందదు. సిలిండర్ ఇవ్వాలంటే ఓటీపీ చెప్పాలి. అందుకని అక్కడి ఆడవాళ్లు గ్యాస్ పుస్తకాలు నా దగ్గరే పెట్టి, నా ఫోన్ నంబరే రాయించుకునేవాళ్లు. ఓటీపీ నాకే వచ్చేది, సిలిండర్ వేసే కుర్రాడికి వాళ్ల తరఫున నేనే చెప్పేదాన్ని. ఎవరూ ఒక్క మాట అడిగేవారు కాదు.

ఆ ఏడు ఎక్కడో దేశాల మధ్య తగాదా ముదిరి యుద్ధమైంది. ఓడలు ఆగాయి. గ్యాస్‌ను మనం డాలర్లు పెట్టి కొంటాం కదా, రూపాయి పడిపోతున్న కొద్దీ అదే గ్యాస్‌కు ఎక్కువ కట్టాలి. ఆ దెబ్బ ముందు హోటళ్లు వాడే పెద్ద సిలిండర్ మీద పడింది. సారపాకలో మా అన్నకు చిన్న టిఫిన్ హోటల్ ఉండేది. దోసె రేటు పెంచితే మిల్లు కూలీలు రారు, పెంచకపోతే పొయ్యి వెలగదు. వదిన ఏడ్చింది. ఇళ్లకిచ్చే సిలిండర్ ఒక్కటి సర్దమని అన్న అడిగాడు. ఒక్కటే కదా అనుకున్నాను.

చేతికందిన పుస్తకం ద్వాలిది. డెబ్భై ఏళ్ల ఒంటరి మనిషి, ఆయాసం. పొగ తగలకూడదని దవాఖానాలో చెబితే గ్యాస్ పెట్టించుకుంది. ఆమె పేరు మీద బుక్ చేసి, ఓటీపీ చెప్పి, సిలిండర్‌ను అన్న హోటల్‌కు పంపాను. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. అందరిలో ఆమే ఎందుకు? చేతికందింది అని ఇప్పుడే రాశాను. అది కూడా అబద్ధమే. ఆమె తరఫున వచ్చి నిలదీసేవాళ్లు లేరని ఎంచుకున్నాను.

ఒకరోజు ఖాళీ సిలిండర్ ఆటోలో వేసుకుని తనే వచ్చింది. మెట్టు మీద కూలబడి చాలాసేపు దగ్గింది.

"ఇంకా రాలేదా బిడ్డా?"

"యుద్ధమైతున్నది అవ్వా. ఓడలు ఆగినయ్. రూపాయి పడిపోయింది. ఎప్పుడొస్తదో ఎవలకెరుక."

"యుద్ధమంటే మనుషులు సస్తరు గదా. పాపం, ఆళ్ల పిల్లలు ఎట్లున్నరో. ముందు ఆళ్లు సల్లగుండాలె. నాదేముంది, కట్టెలు ఏరుకుంట."

నా వెనక షెడ్డులో నిండు సిలిండర్లున్నాయి. అప్పుడైనా లేచి ఒకటి ఇవ్వచ్చు కదా? ఇస్తే ముందువి ఏమయ్యాయని అడుగుతుందేమోనని భయపడ్డాను. ఆమె అడగదని నాకు తెలుసు, తెలిసీ కుర్చీలోంచి కదలలేదు. పోనీ, నేను చెప్పినదాంట్లో తప్పుందా? యుద్ధం నిజమే, రూపాయి పడిందన్నదీ నిజమే, పేపర్లో రోజూ వస్తున్నదే. అన్ని నిజాలను అడ్డం పెట్టుకుని ఒక ముసలమ్మ పొయ్యి ఆర్పాను. సిగ్గుగా ఉంది.

ఆ వానాకాలం తడికట్టెల పొగలో ఆయాసం ముదిరి ద్వాలి చనిపోయింది. పొగే చంపిందా, వయసు మీదపడిందా? ఆ ప్రశ్న వెనక ఎన్నేళ్లు దాక్కున్నానో. గ్యాస్ పుస్తకం తీసుకుపోవడానికి ఆమె చెల్లెలి కూతురు వచ్చింది. గ్యాస్ రాకపోయినా ఏజెన్సీ పిల్ల తనతో మంచిగా మాట్లాడుతుందని పెద్దమ్మ చెప్పేదట. నేను తలూపాను. ఆ పిల్లకు టీ తెప్పించాను కూడా. థూ, నా బతుకు.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేదు, ఆ పిల్ల ముందు నిలబడే ధైర్యం నాకింకా రాలేదు. ఇక్కడ మాత్రం ఒక్కసారి ఉన్నదున్నట్టు రాస్తాను. ద్వాలీ, నీ గ్యాస్ ఏ ఓడలోనూ ఆగలేదు. మూడుసార్లు వచ్చింది. నేనే ఇవ్వలేదు.