వాగ్దానం డబ్బాలో స్వరాలు

జామాయిల్ మొద్దును ఆ కొస జయరాజ్ పడితే ఈ కొస నేను పడతాను. ములకలపల్లి చుట్టూ ఉన్న తోటల్లో ఇరవై ఏళ్లుగా ఇద్దరం కలిసే లారీలకు ఎత్తుతున్నాం. ఆదివారం మాత్రం అతను చర్చిలో కీబోర్డు ముందు కూర్చుంటాడు. ఆ ఒక్క పూటే అతని నడుము నిటారుగా ఉంటుంది.

డిసెంబరులో పాస్టరు షాలేమ్‌రాజుగారు అతన్ని పిలిచారు.

"ఏంది జయరాజూ, ఏ పండుగకైనా గదే ట్యూను, బీటు ఒక్కటే మారుస్తవ్. జనవరి ఒకటికి కొత్తది రాకుంటే కీబోర్డు పాల్వంచ మ్యూజిక్ మాస్టరుకు అప్పజెప్త."

జయరాజ్ కొత్త ట్యూను కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఫోన్‌లో ఎవరో చెబుతుంటే చూశాడు. కంప్యూటరు స్వరాలను అడ్డదిడ్డంగా పడేస్తుందట, వాటిలోంచి పాట ఏరుకోవాలట.

"మనకు కంప్యూటరేది?" అన్నాను.

"డబ్బా ఉంది కద, ఆదాము బావా."

మా చర్చిలో కొత్త సంవత్సరం మొదటి ఉదయం ఒక్కొక్కరూ బిస్కెట్ డబ్బాలోంచి ఒక కార్డు తీస్తారు. దాని మీది బైబిలు వాక్యమే ఆ ఏడాదికి వాళ్ల వాగ్దానం. ప్రెస్సువాళ్లు ఆ కార్డులతో పాటు మిగిలిన ఖాళీ అట్టముక్కలు కూడా పంపిస్తారు. జయరాజ్ ఒక్కోదాని మీద ఒక్కో స్వరం, స, రి, గ, మ, ప అని రాశాడు. కొన్నిటిని ఖాళీగానే వదిలాడు. అన్నీ అలాంటిదే ఇంకో డబ్బాలో వేసి, కళ్లు మూసుకుని తీసి, వచ్చిన వరుసలోనే వాయించేవాడు. మూడు వారాలు తీశాడు. ఒక్కటీ పాట కాలేదు.

"కుక్క సుత పారిపోయింది," అంది అతని భార్య లిదియా. "ఇగ చాలు తియ్."

జనవరి ఒకటిన వాళ్లింటి నుంచి డబ్బా మోసుకొచ్చింది లిదియానే. ఏ డబ్బా తెచ్చిందో ముందు వరుసలో కూర్చున్న దీవెనక్క మొదటి కార్డు తీసి గట్టిగా చదివేదాకా ఎవరికీ తెలియలేదు.

"రి."

పాస్టరుగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఏ అధ్యాయమమ్మా?"

"ఏం లేదయ్యగారూ. రి ఒక్కటే."

"అయ్యో, డబ్బా మారింది! ఉరికిపోయి అసలుది తెస్త," అని లేచింది లిదియా.

కానీ చేతికొచ్చిన కార్డు వాపసు పెట్టడం మా సంఘంలో లేదు. పెడితే దేవుడిని నమ్మనట్టే. దీవెనక్క అప్పటికే కార్డును కొంగున ముడేసుకుంది.

"నాకు రి ఇచ్చి మిగిలినోళ్లకు వాక్యాలిస్తరా? గదేం న్యాయం?"

పాస్టరుగారు పైకి చూసి, "కానియ్యండి," అన్నారు.

తర్వాతి మనిషి "ప" అని చదివింది. జయరాజ్ అలవాటు కొద్దీ ఆ మీట నొక్కాడు. ఆమె ఆ స్వరం పట్టుకుని పాడేసింది. ఇక కార్డు తీసిన ముప్పై ఒక్క మందిలో స్వరం వచ్చినవాళ్లంతా అంతే. ట్యూను మేకలమంద రోడ్డు దాటినట్టు ఉంది గానీ ఎవరి వంతు వాళ్లు వదల్లేదు. ఏడాది వాగ్దానం కదా, ఇక ప్రతి ఆదివారం పాడాల్సిందే.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు పిలిస్తే పాల్వంచ మాస్టరు ఆ ట్యూను నేర్చుకోవడానికి వచ్చాడు. దీవెనక్కకు జ్వరం, రి లేదు. ఇద్దరు మిరప కోతకు పోయారు, ఇంకో రెండు స్వరాలు లేవు. వచ్చే వారం ఎవరు రారో ఎవరికీ తెలియదని చెబితే, దండం పెట్టి బస్సెక్కాడు.

"కొత్తది తెమ్మన్న. వారం వారం కొత్తదే వస్తున్నది, ఏం జేస్త?" అని పాస్టరుగారు కీబోర్డు జయరాజ్‌కే వదిలేశారు.

ఆ మొదటి రోజు నాకు మాత్రం ఖాళీ అట్ట వచ్చింది.

"ఇదేంది జయరాజూ, నాకేం ఇయ్యలేదా దేవుడు?"

"గది గ్యాపు బావా. నీ వంతుకు అందరు ఆగుతరు. నువ్వు ఊకె కూసో."

నా వంతు రాగానే ఊరికే కూర్చుంటాను. ముప్పై మంది నా కోసం ఆగుతారు. తోట దగ్గర మొద్దు దించి కూర్చుని, లారీవాడికి కూడా ఆ అట్ట చూపించాను. అతను మా చర్చివాడు కాదు, ఆగలేదు.