తారాయివీని ఒట్టు

మా ఆసుపత్రిలో మందులు లేకపోతే నన్ను తిడతారు, నెట్‌వర్క్ పోతే తారాయివీనిని తిడతారు. నేను రిజిస్టర్లు రాసే గుమాస్తాను, తిట్లు నాకు తిన్న అన్నంతో సమానం. ఆమెకు అలవాటు లేదు. మా దీవికీ రాజధాని సూవాలోని పెద్ద డాక్టర్లకూ మధ్య ఉన్నది ఒకే దారి, అది ఆమె చూసుకునే యూనిక్స్ సర్వర్ మీదుగానే పోతుంది. మొన్నటిదాకా, పన్నెండేళ్లలో ఆమె దాన్ని పట్టుమని పది నిమిషాలు పడనివ్వలేదు.

ఆమెకు ఆ పని నేర్పింది అపిసలోమే. ఆసుపత్రి వెనకే ఆయన ఇల్లు. మొన్న జూలైలో గుండె ఆగి పోయాడు. మా దీవిలో మనిషి పోతే వంద రాత్రులు దుఃఖం పాటిస్తారు, దగ్గరివాళ్లు తలా ఒక ఒట్టు పెట్టుకుంటారు. ఒకరు మత్తెక్కించే యంగోనా వేళ్ల రసం తాగడం మానేశారు, ఒకరు జుట్టు కత్తిరించుకోవడం. తమ్ముళ్లు రేవు పక్కన వల వేయడమే ఆపేశారు. గురువు సర్వర్‌లో రాసిపెట్టిన ఆదేశాల వరుసల్లో వంద రాత్రులదాకా ఒక్క అక్షరం కూడా మార్చనని తారాయివీని ఒట్టు పెట్టుకుంది. విని నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ నెలలోనే సర్వర్‌కి జబ్బు మొదలైంది. ఉన్నట్టుండి సూవాతో సంబంధం తెగిపోతుంది. కాసేపటికి దానంతటదే వస్తుంది. ఆమె కేబుళ్లు మార్చింది. పెట్టెలు విప్పి దుమ్ము దులిపింది. వర్షంలో కప్పెక్కి గొడుగు యాంటెన్నా బోల్టులు బిగించింది. మా డాక్టర్ ఇనోకే ఆమెకు మేనబావ వరస, ఊరుకుంటాడా?

"ఏం మరదలా, నీ సర్వర్‌కి పడవెక్కినట్టు వాంతులా?"

"నీ గొట్టం పెట్టి చూడు బావా. జబ్బు పోయాక పరీక్ష చేయడం నీకలవాటేగా," అంది ఆమె. నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకూ ఇనోకేకూ తెలుసు.

అపిసలోమేకు ఒక్కతే కూతురు, కెలెరా. ఎనిమిదో నెల. రెండుసార్లు రక్తం కనబడింది. పడవ ఎక్కించి సూవా పంపాలా, కదలకుండా పడుకోబెట్టాలా అన్నది అక్కడి డాక్టరమ్మ స్కానింగ్ తెర మీద కళ్లారా చూసి చెప్పాలి. ఆమె మా దీవికోసం కూర్చునేది గురువారం నాలుగింటికి. రెండు గురువారాలు కూర్చుంది, రెండుసార్లూ బొమ్మ సగంలో ఆగిపోయింది. ఈ శుక్రవారం పడవ తప్పితే మళ్లీ రెండు వారాలదాకా పడవ లేదు.

చేతకానివాడికి రాత ఎక్కువ. ఏమీ చేయలేక, సంబంధం తెగినప్పుడల్లా నా రిజిస్టర్ అంచున టైము రాసేవాణ్ని. మంగళవారం ఆ అంచు ఆమె కంటపడింది. ఆరున్నర, పది, నాలుగు. మళ్లీ ఆరున్నర, పది, నాలుగు. ఒక్కరోజూ తప్పలేదు. ఆమె పేజీలు తిప్పుతూ, పాడైన యంత్రానికి గడియారం ఎలా తెలుసని నన్నే అడిగింది.

బుధవారం పదికి ముందే ఇద్దరం సర్వర్ ముందు కూర్చున్నాం. ఎక్కడికి ఏ దారిన పోవాలో రాసుకునే పట్టిక ఒకటుంటుంది దానిలో. అది తెర మీద తెరిచి పెట్టింది. పది దాటి రెండు నిమిషాలకు, మేము చూస్తుండగానే, సూవాకు పోయే దారి మారిపోయింది. ఎవరూ మీట ముట్టుకోలేదు. కొత్త దారి చూపిస్తున్న యంత్రం నంబరు ఆసుపత్రిలో దేనిదీ కాదు. ఆమె అపిసలోమే పాత నోటు పుస్తకం తీసి వేలితో వెతికింది. ఆ నంబరు పక్కన ఆయన చేతిరాతలో ఒకటే మాట ఉంది: ఇల్లు.

ఆమె నోటు పుస్తకం మూసింది.

"పోయిన మనిషి దారి చెబుతున్నాడన్నా," అంది.

సర్వర్ నుంచి ఆయన ఇంటివైపు పోయే కేబుల్ వెంటే నడిచాం. జామచెట్టు కిందుగా వెళ్లి ఆయన కిటికీలో దూరింది అది. లోపల ఆయన భార్య ఉనైసి నల్లబట్టల్లో చాప మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఆయన పాత కంప్యూటర్ యంత్రం గుర్రుమంటోంది. దాని ముందు కప్పులో టీ, పళ్లెంలో ఉడికించిన కర్రపెండలం. ఆయన ఒకప్పుడు పనికి కూర్చునే మూడు వేళలా యంత్రాన్ని మేలుకొలపడం ఆమె ఒట్టు. మాకెవరికీ చెప్పలేదు. ఒట్టు చాటింపు వేసుకునేది కాదు కదా.

తుఫానులో ఇంటి మీది గొడుగు యాంటెన్నా ఎగిరిపోయాక అపిసలోమే ఆ యంత్రం వాడటం మానేశాడు. దానికా సంగతి తెలియదు. లేవగానే, సూవాకు నా దగ్గర దగ్గరి దారి ఉందని అరనిమిషానికోసారి చాటుతుంది. పక్క యంత్రాల మాట నమ్మమని ఆయనే సర్వర్‌లో ఒక వరుస రాశాడు, అందుకని సర్వర్ నమ్మి అన్నీ అటు పంపుతుంది. అక్కడ అవి మట్టిలో కలుస్తాయి. యంత్రం ఆపేసిన మూడు నిమిషాలకు సర్వర్ ఆ దారి మరిచిపోతుంది. ఇన్నాళ్లూ తారాయివీని అన్నీ వెతికి ఆ ఒక్క వరుస మాత్రం చూడలేదు. చూస్తే ముట్టుకోవాల్సి వస్తుందని.

యంత్రం ఆపమని ముసలామెకు చెప్పేద్దాం అన్నాను.

"నీ కూతురి దారికి అడ్డం నువ్వేనని ఏ నోటితో చెప్పను? నా ఒట్టే పోనీ."

గురువారం మూడున్నరకు ఆ వరుస తీసేసింది. సరిగ్గా నాలుగింటికి వెనక ఇంట్లోంచి యంత్రం గుర్రు వినబడింది. ఇనోకే తెర మీదికి వంగాడు. బొమ్మ ఆగలేదు. సూవా డాక్టరమ్మ చూసింది. మాయ బిడ్డ దారికి పూర్తిగా అడ్డం పడిందని, నొప్పులు మొదలైతే దీవిలో తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరని, రేపటి పడవలోనే నర్సును తోడిచ్చి పంపమని చెప్పింది. బొమ్మ అందకపోతే రెండు వారాలు ఆగుదామని ఇనోకే రాసిన కాగితం నా బల్ల మీదే ఉంది. దాన్ని చూడటానికి నాకు భయం వేసింది.

ఆ సాయంత్రం తారాయివీని యంగోనా వేళ్ల కట్ట పట్టుకుని ఉనైసి ముందు తలవంచి కూర్చుంది. తప్పు చేసినవాళ్లు అలాగే కూర్చోవాలి.

"మాట తప్పానత్తా. ఆయన వరుస ఒకటి తీసేశాను."

"ఏ వరుస?"

"ఇంటి యంత్రం చెప్పింది నమ్మమన్న వరుస."

ముసలామె యంత్రం వైపు చూసింది. గోడ గడియారం వైపు చూసింది. ఆ రెండు గురువారాలు బొమ్మ ఎన్నింటికి ఆగిందని నన్నడిగింది. నేను నేల చూశాను.

"నాలుగింటికే కదూ," అంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ముఖం నేను మరిచిపోలేను. చివరికి వేళ్ల కట్ట మీద చెయ్యి వేసి క్షమించానంది. ఈ కట్ట తనే మోసుకురావాల్సిందంది.

"ఇక దాని మాట సర్వర్ వినదా?"

"వినదత్తా."

"కెలెరాతో నేనూ వెళుతున్నాను. ఇంకా పదిహేను రాత్రులున్నాయి," అంటూ ఇంటి తాళం తారాయివీని చేతిలో పెట్టింది. "నీ ఒట్టు నాకోసం పోగొట్టుకున్నావు. నాది నువ్వు నిలబెట్టు."

మర్నాడు పడవ తొమ్మిదింటికి కదిలింది. పదింటికి వెనక ఇంట్లోంచి యంత్రం గుర్రు వినబడింది. అలవాటుగా కలం తీసి, రిజిస్టర్ అంచున పెట్టి చాలాసేపు కూర్చున్నాను. రాయడానికి ఏమీ లేదు.