సార్జంటుగారి జేబులో తాళంచెవి

బహదూర్‌పల్లిలో మా పక్కింటి సార్జంటుగారు కార్తీకమాసంలో పోయారు. పొద్దున్నే మొక్కలకు నీళ్లు పెట్టి, వరండాలో కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్లిపోయారు. ఆయన మీద కోపం తీరాక నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. అది తీరేలా లేదు.

ఆయనది దూలపల్లి. డెబ్భై ఒకటి యుద్ధంలో బాంబర్ విమానాలకు మెకానిక్. మా గ్యాస్ రెగ్యులేటరైనా, పాప సైకిలు బ్రేకైనా రెండుసార్లు చూస్తేగానీ వదిలేవారు కాదు. "ఒకపారి కండ్లతోని, ఇంకోపారి చేతులతోని సూడాలె" అనేవారు. ఆయన చెయ్యి పడ్డాక నా స్కూటీ ఎన్నడూ దారిలో ఆగలేదు. ఆ రుణం ఉంది నాకు.

యుద్ధంలో ఆయన పనిచేసిన యూనిట్‌వాళ్లూ, వాళ్ల కుటుంబాలూ ఏటా డిసెంబరులో శామీర్‌పేట చెరువు దగ్గర ఒక తోటలో కలుస్తారు. సార్జంటుగారికీ కార్డు వచ్చేది. ఇంట్లో ఒక్కరే కాబట్టి నన్ను తీసుకెళ్లమనేవారు. నేను స్కూలుకు సెలవు పెట్టేదాన్ని. ఆయన ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు వేసుకుని వెనక కూర్చునేవారు. మేడ్చల్ దాటేదాకా కబుర్లే. తోట గేటు కనపడగానే నా భుజం తట్టి బండి తిప్పమనేవారు. మూడేళ్లు ఇదే తంతు. ఒళ్లు మండిపోయేది.

నాలుగో ఏడు తిప్పనని మొండికేశాను. అప్పుడు జేబులోంచి ఒక పాత స్కూటరు తాళంచెవి తీశారు. వాళ్ల దగ్గర ఒక అలవాటుండేదట. పైలట్ విమానం ఎక్కేముందు తన స్కూటరు తాళంచెవి మెకానిక్ చేతిలో పెట్టేవాడు, దిగగానే తీసుకునేవాడు. ఒక పైలట్ దిగలేదు. విమానమూ దొరకలేదు. ఆయన భార్య ఏటా ఈ తోటకు వస్తారని సార్జంటుగారికి తెలుసు.

"మరి ఇచ్చేయండి" అన్నాను.

"రెండుపార్లు సూసే పంపిన బిడ్డా. ఇది ఇస్తే ఇగ సారు రాడన్నట్టే గద. గా మాట ఆమెకు నేనెట్ల జెప్పాలె?"

ముప్ఫై ఏళ్లు దాటిందండీ అని నడిరోడ్డు మీద అరిచాను. చివరికి బండి తిప్పింది నేనే. ఆ కోపం నా మీద కూడా ఉంది.

ఆయన పోయాక, చొక్కా జేబులో దొరికిందని వాళ్ల అన్న కొడుకు ఆ తాళంచెవి నాకిచ్చాడు. డిసెంబరులో ఒక్కదాన్నే వెళ్లాను. పైలట్ గారి భార్యను వెతికి, ఆమె చేతిలో పెట్టి, సంగతంతా చెప్పాను.

"తాళం అప్పుడే పగలగొట్టించాం. ఆ స్కూటరు మా తమ్ముడు వాడుకున్నాడు" అన్నారావిడ. "నేను దీనికోసం రావట్లేదమ్మా. ఆయన్ని ఆఖరున చూసిన మనిషి ఎప్పటికైనా వస్తాడని వస్తున్నాను. విమానం ఎక్కేముందు ఏమన్నారో అడుగుదామని. నీకేమైనా చెప్పాడా?"

చెప్పలేదు. అరవడమే తప్ప నేను అడగలేదు.

తిరిగి వస్తూ, ఏటా ఆయన బండి తిప్పించే చోట ఆగి వెనక్కి చూశాను. అక్కడినుంచి తోటలో కుర్చీలన్నీ కనపడతాయి. అందరూ వేదిక వైపు తిరిగి కూర్చున్నారు. ఆవిడ కుర్చీ ఒక్కటే గేటు వైపు తిరిగి ఉంది.