ఆరో ముక్క దగ్గర

మా ఆయన పియానోలకు శ్రుతి చేస్తాడు. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. నేను బళ్ళో లెక్కల టీచర్ని. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఇద్దరం పీనుగుల్లా ఉంటాం. టీ ఎవరు పెట్టాలన్న దగ్గర రోజూ పేచీ. చివరికి నేనే పెడతాను.

ఈ మధ్య ఇంకో బాధ పట్టుకుంది. ఆయనకి ఎక్కువ పని దొరికేది సంగీత పాఠశాలలో. అక్కడి మేనేజరమ్మ ఫోన్ చేసి, పెద్ద పియానోలో కుడి చివరి మెట్లు, అంటే బాగా సన్నగా పలికేవి, సరిగ్గా లేవంది. ఈయన వెళ్ళి సరిచేసి వచ్చాడు. మళ్ళీ ఫోన్. "ఇప్పుడొచ్చే తీగల్లో జీవం లేదు" అని విసుక్కుని కొత్త తీగలు వేశాడు. మళ్ళీ ఫోన్.

తీగల్లో ఏ లోపమూ లేదని నాకు తెలుసు. అలారం గడియారం పక్కనే మొత్తుకుంటుంటే తీరిగ్గా పేపరు చదువుకునే మనిషి! చెవుల డాక్టరుకి ఒకసారి చూపించుకుందామండీ అంటే చాలు, ఇంతెత్తున లేచేవాడు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"నేనడిగింది చెవుల సంగతి" అనేదాన్ని.

ఆ మొండితనం వెనక భయం ఉందని తెలుసు. ఆ పనికి చెవే ఆధారం. చెవి పోయిందని బయటికి పొక్కితే ఇంకెవరు పిలుస్తారు? ఇంకో పని నేర్చుకునే వయసా ఇది? ఆ భయం నాకూ ఉంది కాబట్టే, పోట్లాడీ పోట్లాడీ నోరు నొప్పెట్టి ఊరుకునేదాన్ని.

అలా ఉండగా క్లాసులో హరాత్మక శ్రేఢి పాఠం వచ్చింది. ఒకటి, సగం, మూడో వంతు, నాలుగో వంతు, ఐదో వంతు, అలా. తిరగేస్తే మామూలు ఒకటి, రెండు, మూడు. ముక్క చిన్నదవుతూ పోతుంది గానీ ఎప్పటికీ సున్నా కాదు. అన్నీ కలుపుకుంటూ పోతే ఎంత పెద్ద సంఖ్యనైనా ఎప్పుడో ఒకప్పుడు దాటాల్సిందే. కాకపోతే మహా నత్తనడక, మా ఇద్దరి బతుకులాగే. ఏటా ఇదే పాఠం, ఏటా అదే ప్రశ్న: "దీంతో పనేంటి టీచర్?" ఈసారి జవాబు చెప్పే ఓపిక కూడా లేక, ఒక్కరోజు తీగ పట్టుకుని మా క్లాసుకి రమ్మని ఆయన్ని అడిగాను. మొహం చేటంత చేసుకున్నాడు. పాపం, చాలా రోజులకి ఎవరో ఫిర్యాదు లేకుండా పిలిచారు.

పొడవాటి చెక్క మీద సన్నని ఉక్కు తీగ బిగించి, పక్కన వంతులకి గుర్తులు గీసి తెచ్చాడు. పిల్లలు చుట్టూ మూగారు. ముందు మొత్తం తీగ మీటాడు. తర్వాత సగం దగ్గర వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలికింది. మూడో వంతు దగ్గర ఇంకా పైన. నాలుగో వంతు, ఐదో వంతు, పోనుపోను సన్నగా.

"గట్టిగా నొక్కారో, స్వరం చచ్చిపోతుంది" అన్నాడు. "ఇవన్నీ తీగలో ముందే ఉన్నాయి. మొత్తం తీగ మీటినప్పుడు కూడా లోపల ఇవన్నీ కలిసే మోగుతాయి. మీ టీచర్ లెక్క ఇదే."

నేను గొంతు చించుకున్నా కదలని పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ఒళ్ళు మండింది.

ఆరో వంతు దగ్గర వేలు పెట్టి మీటాడు. చెవి తీగకి దగ్గరగా వంచి మళ్ళీ మీటాడు. "అంతే. లెక్కకి అంతు లేదు గానీ తీగకి ఉంటుంది. ఇక్కడితో ఆగిపోతుంది."

"ఆగలేదు సార్, మోగుతోంది" అంది ముందు నిలబడ్డ పిల్ల.

"మోగుతోంది సార్" అన్నారు వెనక వాళ్ళు కూడా. ఇంకేముంది, చేతులు చాపి ఏడో వంతు దగ్గరా ఎనిమిదో వంతు దగ్గరా వాళ్ళే మీటడం మొదలుపెట్టారు. నాకూ వినిపించింది, సన్నగా, స్పష్టంగా. ఆయన తీగ వంక చూడటం మానేసి పిల్లల మొహాలు చూస్తున్నాడు. ఎవరి మొహం వెలిగితే అప్పుడు మోగిందని తెలుసుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ ఈ వాదనలో గెలవాలని ఎంత యాగీ చేశానో! గెలిచాక ఏడుపొచ్చింది.

"అవునర్రా, మోగుతోంది" అన్నాడు చివరికి. అది విని అన్న మాట కాదని నా ఒక్కదానికే తెలుసు.

ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా సంగీత పాఠశాలకి ఫోన్ చేశాడు. "పై మెట్లకి ఇంకెవర్నైనా చూసుకోండమ్మా. నాకు వినబడటం లేదు. తీగల తప్పు కాదు." కింది మెట్లు ఇంకా బాగానే వినిపిస్తాయని, అవి మాత్రం తనకే వదిలెయ్యమని అడిగాడు. ఆయన ఒకర్ని బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. ఆలోచించి చెబుతానందట ఆవిడ.

ఫోన్ పెట్టేసి అలాగే కూర్చున్నాడు. ఓదార్చడం నాకు చేతకాదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఆ ఎనిమిదోది ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

"బాగుందంటే?"

లెక్కల మనిషిని, నాకేం మాటలొస్తాయి? చెక్క తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన ఎనిమిదో గుర్తు దగ్గర వేలు ఆనించాడు, నేను మీటాను. మోగినంతసేపూ ఆయన రెండో చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆగాక వదిలేశాను.

"ఇంతసేపు ఉంటుందా?" అన్నాడు.

"ఉంటుంది" అన్నాను.