బొమ్మ మీద చెయ్యి పెట్టిన మేడం

పెద్ద మేడం పోయారన్న కబురు నాకు ట్రైనింగ్ హాల్లో తెలిసింది. తెర మీద ఎవరో ఆనందంగా బోధించడం ఎట్లాగో చెబుతున్నారు. పక్కనున్న తోటి టీచర్ ఫోన్ చూపించి, "పొద్దుగాలనే పానం పోయిందట. మధ్యాహ్నమే గోదావరికాడికి తీస్కపోతరట" అంది.

లేచి వెళ్లి, చివరిచూపుకు పంపమని ఇన్‌చార్జిని అడిగాను.

"సాయంత్రం హాజరుకు మీ ముఖం ఫోటో పడాలె మేడం. అది అయినంక పోండ్రి. లేకుంటే నోటీసొస్తది" అన్నాడు.

నేను వెళ్తానన్నది ఎవరి చావుకో ఆయనకు తెలియదు. ఒకప్పుడు ఈ జిల్లాలో టీచర్లకు పాఠం చెప్పడం నేర్పింది ఆమే.

లక్సెట్టిపేట దగ్గరి బడిలో ఆమె హెడ్‌మాస్టర్. చుట్టుపక్కల బడుల టీచర్లం నెలకోసారి అక్కడ కలిసేవాళ్లం. ఉపన్యాసాలు ఉండేవి కావు. మాలో ఒకరు నిజమైన పిల్లలకు నిజమైన పాఠం చెప్పాలి, మిగతావాళ్లం వెనక కూర్చుని పిల్లలను చూడాలి. "టీచర్‌ను చూడకుండ్రి, నాటకం గాదు" అనేవారు.

నా వంతు వచ్చిన రోజు రెండో తరగతి పిల్ల ఒకతి గడగడా చదివింది. నేను మురిసిపోతున్నాను. మేడం ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుని, పుస్తకంలో బొమ్మ మీద అరచెయ్యి పెట్టారు. పిల్ల ఆగిపోయింది. ఒక్క అక్షరం పలకలేదు.

"చదువుతలేదు బిడ్డా, బొమ్మ చూసి యాది జేసుకుంటున్నది" అన్నారు నాతో, మెల్లగా. తర్వాత పిల్ల తల నిమిరి, "నీ తప్పేం లేదే" అన్నారు. ఆ మాట నాకు కూడా అనుకున్నాను. ఇప్పటికీ కొత్త పాఠం మొదలుపెడితే నా చెయ్యి ముందు బొమ్మ మీదికే పోతుంది.

ఆమెను పక్కన పెట్టడానికి ఒక్క ప్రశ్న సరిపోయింది. పెద్ద శిక్షణలో అధికారి ముందు లేచి, "గీ హాల్ల ఒక్క పిల్లన్న లేదు సార్. ఎవలకు చెప్పుడు నేర్సుకుంటున్నం?" అన్నారు. అందరం నవ్వాం. అధికారి నవ్వలేదు. మరుసటి ఏడు శిక్షకుల్లో ఆమె పేరు లేదు. ఆమె నిలబడే చోట తెర వచ్చింది. నెలవారీ సమావేశాల్లోనూ సర్క్యులర్లు చదవడం, ఫోటోలు పంపడం మిగిలింది. ఒక్క పాఠమైనా పెడదామని ఆమె అడిగితే టైం లేదన్నారు.

రిటైరయ్యేదాకా చివరి వరుసలో కూర్చున్నారు. ఓసారి ఉండబట్టలేక, "బాధయితలేదా మేడం?" అని అడిగాను.

"నా ఫికర్ గాదే. కొత్తగ వచ్చేటోళ్ల క్లాసుల ఎనక ఎవలు కూసుంటరు?"

ఎవరూ కూర్చోలేదు. మీరొచ్చి కూర్చోండని ఆమెను అడుగుదామన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

సాయంత్రం ఫోటోలు పడ్డాక ఆటో మాట్లాడుకుని నేనూ తోటి టీచరూ గోదావరి ఒడ్డుకు చేరాం. చితి కూలిపోయి నిప్పులు మిగిలాయి. మేడం భర్త ఒక్కరే ఇసుకలో కూర్చున్నారు.

"గంత మందికి నేర్పె గద బిడ్డా... ఒక్కలన్న అస్తరేమోనని నిప్పు వెట్టకుండ జరసేపు ఆపిన" అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

మా ఇద్దరి మెడల్లో ట్రైనింగ్ కార్డులు వేలాడుతూనే ఉన్నాయి. ఆయన చూపు వాటి మీద కాసేపు ఆగి, నీళ్ల వైపు తిరిగింది. నది గాలికి నా కార్డు తిరగబడుతూ, గుండెకు కొట్టుకుంటూ ఉంది.