గోడ అవతలి గరగర

మా నాన్న మొహం తెలియని వాళ్ళకు కూడా ఆయన గొంతు తెలుసు. ఆయనది మైకు సెట్టు. పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ హారన్లు కట్టేవాడు. మిగతా రోజుల్లో తన ఆటో మీద రెండు హారన్లు బిగించుకుని ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూ కబుర్లు చెప్పేవాడు. రేపు పశువుల డాక్టరు వస్తున్నాడని, ఉదయం నుంచి కరెంటు ఉండదని, కొత్త పత్తి విత్తనాలు దిగాయని, ఫలానా వారి సూడిగేదె తప్పిపోయిందని. చేలో వంగి మిరపకాయలు కోసే ఆడవాళ్ళు ఆ గొంతు వినపడగానే నడుములెత్తి నిలబడేవారట. ఆ సంగతి అమ్మ చెప్పేటప్పుడు ఆమె మొహంలో కాస్త గర్వం కనిపించేది.

నాకు ఆ గొంతు రాలేదు. కాలేజీలో హాజరు పలకడానికే నాకు చెమటలు పట్టేవి. చెప్పాల్సినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. చదివిన పుస్తకాల గురించి కూడా అందులోనే మాట్లాడుకునేదాన్ని. నా కంప్యూటరు కోర్సు కోసం నాన్న ఒక పాత డెస్క్‌టాప్ కొని తెచ్చాడు. దాన్ని ముందుగదిలో, వంటింటికీ ఆ గదికీ మధ్య ఉన్న సన్నగోడకు ఆనించి పెట్టాం.

మొబైల్ ఫోన్లు మా ఊళ్ళోకి వచ్చిన రెండో ఏడు, కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో, నాన్న గొంతు బొంగురుపోయింది. ఘాటుకనుకున్నాం. మిరియాల కషాయం తాగించాం. కళ్ళాలు ఖాళీ అయినా గొంతు బాగుపడలేదు. గుంటూరు ఆసుపత్రిలో చూసి గడ్డ అన్నారు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు. మంచం ఖాళీ కాగానే ఫోన్ చేస్తామని, ఫోన్ ఎత్తకపోతే ఆ మంచం ఇంకొకరికి వెళ్ళిపోతుందని చెప్పి పంపారు.

ఇంటికొచ్చిన సాయంత్రం నాన్న నన్ను పిలిచి మైకు నా చేతిలో పెట్టాడు.

"నా తర్వాత నువ్వు చెప్పు అమ్మడూ. రాసిందాన్ని చూసి చదవడమేగా."

నేను మైకు పట్టుకుని నిలబడ్డాను. "రైతు సోదరులకు" అన్నాను. ఆ తర్వాత నా నోరు పెగల్లేదు. నాన్న కాసేపు చూసి మైకు తీసుకున్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

తెల్లారి ఆయనే ఉపాయం చెప్పాడు. చెప్పే కబుర్లు ఎప్పుడూ అవే. మారేది ఊరి పేరు, వారం, వేళ. ముక్కలు ముక్కలుగా తన గొంతును కంప్యూటర్లో దాచిపెడితే, తర్వాత కావలసిన ముక్కల్ని నేను అతికించి సీడీ చేసి ఇవ్వొచ్చు. ఆటో ఎలాగూ తనే నడుపుతాడు.

"గొంతు పోయినా బేరం పోదు" అన్నాడు.

నేను జాబితా రాశాను. ఊళ్ళ పేర్లు, ఏడు వారాలు, ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా తేదీలు, ఉదయం, సాయంత్రం, గేదె, దూడ, శిబిరం, విజ్ఞప్తి. సమయం తక్కువ. ఆసుపత్రి నుంచి ఎప్పుడు పిలుపొస్తుందో తెలియదు. పైగా నాన్న గొంతు పొద్దున రెండు గంటలే పనిచేసేది. ఎండెక్కేసరికి అరిగిపోయి గుసగుస మిగిలేది. ఆ గుసగుసను కూడా వాడకుండా, మర్నాటి కోసం నోరు మూసుకుని కూర్చునేవాడు.

మొదటి రోజు రికార్డు చేసింది పెట్టి విన్నాను. "ప్రత్తిపాడు గ్రామ ప్రజలకు" అన్న మాటల మీదుగా టకటక్, టకటక్, గర్‌ర్‌ర్ అని ఒక శబ్దం. కాసేపు ఉండేది, పోయేది, మళ్ళీ వచ్చేది. పదింట్లో నాలుగు ముక్కలు పాడయ్యాయి. మైకు మార్చాం. ప్లగ్గు మార్చాం. ఫ్యాను ఆపాం. నాన్న పెరట్లో గుంట తీసి, ఉప్పూ బొగ్గూ పోసి, సీపీయూ డబ్బాకు ఎర్తు వైరు కట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా మైకుల్లో హోరును ఆయన అలాగే పోగొట్టాడు. ఈ శబ్దం మాత్రం పోలేదు.

రెండో రోజు ఊళ్ళ పేర్లు చదివే ముందు జాబితాలో లేని పేరొకటి కలిపాడు. కనిగిరి. అది అమ్మ పుట్టిల్లు.

"అంత దూరం నుంచి మనల్నెవరు పిలుస్తారు నాన్నా?"

"ఉండనియ్యవే. నీ సొమ్మేం పోయింది?"

దాని మీద కూడా గరగర పడింది. పాడైన వాటి పక్కన చుక్క పెట్టి ముందుకు వెళ్ళాను.

ఆ మధ్యాహ్నం నాన్న స్నేహితుడు వచ్చాడు. ప్రత్తిపాడులో ఆయనకు రేడియోలు బాగుచేసే షాపు ఉండేది. ఆయన సాయిబు, మేము హిందువులం. అయినా వాళ్ళిద్దరూ బావా బావా అనుకునేవారు. నేను మావయ్యా అనేదాన్ని. మావయ్య స్పీకరుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఇది కరెంటుది కాదు బావా. కరెంటుదైతే ఒకే తీరున మూలుగుద్ది. ఇది ఆగి ఆగి కొడతంది. సెల్లు. దగ్గర్లో సెల్లు ఉంటే ఇట్టాగే తీగల్లోకి దూరుద్ది. మీ ఇంట్లోది ఏడుంది?"

నాన్న గుసగుసగా, "ఆపేసి మీ చెల్లెమ్మకిచ్చా. రోజూ పొద్దున రికార్డు అయ్యేదాకా తెరవొద్దన్నా" అన్నాడు.

"ఏం చెల్లెమ్మా, ఆపే ఉంచావా?"

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి తలూపింది.

"అయితే ఆ కొత్త టవరు పనే. టవర్ని పీకలేం గదా. బావా, నీ గొంతు కోసం టవరు కూడా పడి చస్తందయ్యో!"

నాన్న నవ్వబోయి దగ్గాడు. మావయ్య కాసేపు తల దించుకుని స్క్రూలు ఏరుకున్నాడు. మైకు తీగ మార్చి, పైన అల్లిక ఉన్న మందపాటి తీగ వేశాడు. దాని మీద బిస్కెట్ పాకెట్ల వెండి కాగితం చుట్టాడు. మూడో రోజు గరగర కాస్త తగ్గింది గాని పోలేదు.

నాలుగో రోజు జాబితా చివరికొచ్చాం. చావు కబురు. ఊళ్ళో ఎవరైనా పోతే పొరుగూళ్ళ చుట్టాలకు తెలిసేలా ఆటో మీద చెప్పడం మా వైపు మామూలే. దాన్ని నేను కావాలనే చివర రాశాను. నాన్న కాగితం చూడకుండానే మొదలుపెట్టాడు. "గ్రామ పెద్దలు" అని, పేరుకు చోటు వదిలి ఆగాడు. "గారు ఈ ఉదయం స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము."

ఆ ఆగిన చోటే స్పీకర్లలో గర్‌ర్ మొదలైంది. దాని వెనకే, గోడ అవతల నుంచి, నోరు నొక్కుకున్న ఏడుపు వినిపించింది. నోటికి ఒక చేయి అడ్డం పెట్టుకుని అమ్మ గదిలోకి వచ్చింది.

"అదొక్కటీ చదవమాకండి. మీకు దణ్ణం పెడతా."

ఆమె దగ్గరికొస్తున్న కొద్దీ గరగర పెరిగింది. నేనూ నాన్నా ఒకేసారి ఆమె రెండో చేతివైపు చూశాం. కొంగు చాటున సెల్లు వెలుగుతూ ఉంది. చప్పుడు రాకుండా పెట్టుకుంది.

"ఆ ఫోనెత్తవే ముందు" అన్నాడు నాన్న.

ఆసుపత్రి నుంచే. మరో రెండు రోజులు ఆగి మూడో రోజు పొద్దున్నే వచ్చి చేరమన్నారు.

అప్పుడంతా తెలిసింది. పిలుపొస్తే తాము ఎత్తక మంచం చేజారుతుందని అమ్మ భయం. నాన్న ఆపమన్న ఫోన్ని ఆమె ఒక్కరోజు కూడా ఆపలేదు. వంటింట్లో సిగ్నల్ అందేది గోడవార ఆ కిటికీ దగ్గరే. అక్కడ పీట వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, నాలుగు రోజులూ మేము రికార్డు చేసినంతసేపూ గోడకు చెవి ఆనించి కూర్చుంది. సిగ్నల్ పోయి వచ్చినప్పుడల్లా, చుట్టాలెవరో ఫోన్ చేసినప్పుడల్లా, ఆ శబ్దం గోడలోంచి మా తీగల్లోకి వచ్చింది.

"నా వల్లేనా ఇదంతా? నాకేం తెలుసు. అది నోరు మూసుకునే ఉందిగా" అంది అమ్మ.

ఇంకా రెండు ఉదయాలున్నాయి. పాడైనవన్నీ మళ్ళీ చదవాలి. ఆసుపత్రి వాళ్ళు వేళ మార్చి మళ్ళీ చేస్తే? ఫోన్ ఆపడానికి లేదు. దాన్ని మూడు వీధుల అవతల ఉన్న మా పిన్ని ఇంట్లో పెడదామన్నాను.

"ఫోనే పంపుదాం. నేనిక్కడే ఉంటా" అంది అమ్మ.

"పిన్నికి ఏ బటనో తెలియదమ్మా. ఎత్తబోయి కట్ చేసేస్తుంది. నువ్వు కూడా వెళ్ళు. రెండు రోజులేగా."

అమ్మ నాన్నవైపు చూసింది. నాన్న గొంతు ఖర్చు పెట్టలేదు. వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఫోన్ పట్టుకుని చెప్పులేసుకుని వెళ్ళింది.

గరగర పోయింది. ఆ రెండు ఉదయాలూ ఎంత శుభ్రంగా వచ్చాయో! ప్రతి ముక్కా తేటగా, ఒక్క చుక్క పెట్టే పని లేకుండా. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. చావు కబురు మాత్రం మళ్ళీ చదివించలేదు. పాత ముక్కలు తీసేసి కొత్తవి పెట్టాను. డిస్కులో చోటు తక్కువని, మాటకీ మాటకీ మధ్య ఉన్నవన్నీ కత్తిరించాను. దగ్గులు, "మంచినీళ్ళియ్యవే" అన్నది, నన్ను వెక్కిరించింది, తనలో తాను గొణుక్కున్నది. అమ్మ మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చేది. అప్పటికి నాన్న దగ్గర గుసగుస కూడా ఉండేది కాదు.

గుంటూరు వెళ్ళే రోజు తెల్లవారుజామున అమ్మ సంచి సర్దుతూ ఏదో అడిగింది. నాన్న నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఉన్నదంతా నేను వాడేశాను.

ఆయన బతికాడు. అది ముందు చెప్పాలి. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. మాట్లాడాలంటే పలక మీద రాస్తాడు. మూడు నెలలకు ఆటో తీశాడు. నేను అతికించిన సీడీ హారన్లలో మోగింది. మొదటిరోజు పర్చూరు వైపు వెళ్ళాడు. ఒక ముసలమ్మ ఆటో ఆపి, "గొంతు బాగయిందా అబ్బాయ్, నా తండ్రే" అందట. ఆయన గుడ్డ పక్కకు తీసి చూపించాడట. అదంతా పలక మీద రాసి మాకు చూపించి, చెరిపేశాడు.

బేరం పోలేదు. ఆయన చెప్పినట్టే జరిగింది. కానీ అమ్మ, ఆటో వీధి మలుపు తిరిగి నాన్న గొంతు వినపడగానే, లోపలికి వెళ్ళి ఏదో ఒక పని పెట్టుకునేది.

ఏడాది తర్వాత ఒకరోజు నాన్న వసారాలో వైర్లు చుట్టుకుంటుండగా ఆమె నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అందులో మామూలు మాటలేమన్నా ఉన్నాయా? గేదెలూ తేదీలూ కాదు. ఇంట్లో మాట్లాడినట్టు."

నేను ఫైళ్ళన్నీ వెతికాను. గంటసేపు. రెండు వందల పైచిలుకు ముక్కలు, ఒక్కదాంట్లో కూడా ఒక్క దగ్గు లేదు. ఆ వారం డైరీ తీశాను. ఆయన ఏమన్నాడో రాసి ఉంటానేమోనని. "పద్నాలుగోది – శబ్దం. పదిహేనోది – శబ్దం. పదహారోది బాగుంది." పేజీల నిండా అదే. నాన్నతో గడిపిన ఆరు ఉదయాల్లో నేను రాసుకున్నది ఆ శబ్దం గురించే.

చివరికి ఒక ఫైలు దొరికింది. కనిగిరి. అక్కడి నుంచి ఎవరూ పిలవరు గనుక దాన్ని మళ్ళీ చదివించలేదు, కత్తిరించనూ లేదు. జాబితాలో దాని పక్కన చుక్క అలాగే ఉంది. ఆ ఫైలు పెట్టాను.

"కనిగిరి" అన్నాడు నాన్న. టకటక్, టకటక్, గర్‌ర్‌ర్. "మళ్ళీ వచ్చిందే అమ్మడూ నీ దెయ్యం." చిన్న నవ్వు. "అయినా కనిగిరికి మైకెందుకే? మీ అమ్మ ఇక్కడ నిలబడి కేకేస్తే అక్కడ పలుకుతారు." ఒక దగ్గు. తర్వాత గొంతు కొంచెం పెంచి, గోడవైపు తిరిగి, "ఏమే, వింటున్నావా?"

గరగర ఒక్కటే కాసేపు సాగి ఆగిపోయింది.

"అప్పుడు విన్నా" అంది అమ్మ. "పలికితే నీ రికార్డు చెడిపోద్దని ఊరుకున్నా."

స్పీకరు వైపు చూసి, "ఆ గోల ఏంటే మధ్యలో?" అని అడిగింది.

"నీ ఒళ్ళో ఉన్న ఫోనమ్మా."

ఆమె కుర్చీ గోడ దగ్గరకు లాక్కుని కూర్చుంది. "ఇంకోసారి పెట్టు" అంది.

పెట్టాను. కనిగిరి అన్నాడు. గరగర వచ్చింది. దెయ్యమన్నాడు, నవ్వాడు, దగ్గాడు. "ఏమే, వింటున్నావా?"

"వింటన్నా" అంది అమ్మ, వసారాలోకి వినపడకుండా, చాలా చిన్నగా.