షంషాద్ కుందేలు కన్ను

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను దుత్తలూరు నుంచి ఉదయగిరి పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టరుగా వేశారు. హోదా పెరిగిందన్న మాటే గానీ చేసేది అవే గేదెల చూలు పరీక్షలు, అవే గొర్రెల టీకాలు. కుందేలు నోట్లో పట్టే పనిముట్లు మాకెవరూ ఇవ్వలేదు.

కొయ్య చెంచాలు చెక్కే ఖాదర్, అతని భార్య షంషాద్ తమ తెల్ల కుందేలును కొంగులో చుట్టి తెచ్చారు. పిల్లలు లేని ఆ ఇంట్లో బిడ్డయినా అదే, కబుర్లకైనా అదే. కుడి కన్ను ఉబికి బయటికొచ్చింది. రెప్ప కింద పాలలాంటి చీము. ఎప్పటి నుంచో కారుతున్నా, కొయ్యపొట్టు పడిందనుకుని మందుల షాపు చుక్కలతో సరిపెట్టారు. ఖాదర్ ఇంట్లో రంపం కూడా ఆపేశాడట.

కుందేలు కన్ను కారడానికి దుమ్ము, గడ్డిపోచ, బోనులో మూత్రం ఘాటు, ఏదైనా కారణం కావచ్చు. ఒక్క కన్నే ఉబికితే మాత్రం నోరు చూడాలి. చెవులు పరీక్షించే గొట్టంతోనే చూశాను. దవడపళ్లు వంకరపోయి పెరిగి ఉన్నాయి. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. అరగకపోతే వేర్లు పైకి పాకి కన్నీటి దారిని నొక్కుతాయి, కంటి వెనక చీముగడ్డ కడుతుంది.

ఏం పెడుతున్నారని అడిగాను.

"పాలల్లో నానేసిన బిస్కెట్టు, మెత్తటన్నం సార్. గడ్డి గట్టిగా ఉండాది, నోరు కోసుకుంటాదని పెట్టలా" అంది షంషాద్. 

నొప్పికి సూది వేసి, పన్ను తీయించడానికి తిరుపతి వెటర్నరీ కాలేజీకి రాసిచ్చాను. మేత మానేసిన కుందేలు అంత ప్రయాణం తట్టుకోకపోవచ్చని కూడా చెప్పాను. ఆత్మకూరు బస్టాండులో బస్సు మారేలోపే అది పోయింది. వాళ్లు తిరిగి నా దగ్గరికే తెచ్చారు.

షంషాద్ వరండాలో కూర్చుంది. ఖాదర్ ఒక్కడే లోపలికొచ్చాడు. మెత్తటి తిండి వల్లే పళ్లు అరగలేదని అతనికి చెప్పాను.

"ఆమెకు మాత్రం నా కొయ్యపొట్టనే చెప్పండి సార్. ఆ పాపం నేను మోస్తా. తన చేతి తిండే చంపిందని తెలిస్తే మా ఇంటామె తట్టుకోలేదు."

నేను ఒప్పుకోలేదు. రేపు ఇంకో కుందేలును తెచ్చుకున్నా ఆ బిస్కెట్లే పెడుతుంది. బయటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏడవలేదు.

"మెత్తంగానే పెట్టినాను గదా సార్" అంది, అంతే.

ఆ ఇంట్లో మళ్లీ ఏ జీవాన్నీ పెంచలేదు. నేను బజారులో ఎదురైతే ఖాదర్ తల తిప్పుకునేవాడు.

కుందేలు కన్ను చూడమని తెస్తే ముందు నోరు తెరిచి చూడాలని తర్వాత వచ్చిన డాక్టర్లకు చెబుతుంటాను. చచ్చిన జీవానికి కారణం చెప్పడం వైద్యం కాదు. అయినా చెప్పాలి. చెప్పినందువల్ల ఎవరికైనా మేలు జరుగుతుందని మాత్రం ఆశపడకూడదు.